ఇల్లు లేనివాళ్ళ లెక్కలో కులం ఎక్కడ? ఉప్పల్, నాచారం, సైనిక్‌పురి వైపు నుంచి చూస్తే

నిరాశ్రయుల మీద పనిచేయాలనుకునే సోషల్ వర్క్ విద్యార్థులకు, బస్తీ కార్యకర్తలకు అవసరమైన విషయాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ఎవరిని లెక్కిస్తున్నారు?

భవనాల్లో కాకుండా రోడ్డు పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారిని జనగణన 'ఇల్లు లేనివారు' అంటుంది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి లెక్కిస్తే దేశంలో 17.73 లక్షల మంది తేలారు. కానీ ఒక్క రాత్రి లెక్కకు అందనివాళ్ళు చాలామంది. పోలీసులు తరిమితే జాగా మార్చేవాళ్ళు, రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాళ్ళు అందులోంచి జారిపోతారు. సైనిక్‌పురి వైపు సగం కట్టిన అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో ఉండే వాచ్‌మన్ కుటుంబానికి ఆ రాత్రికి పైకప్పు ఉన్నట్టే లెక్క. కట్టడం పూర్తయితే ఆ కప్పు పోతుంది.

ఏమి అడగడం లేదు?

'ఊరు ఎందుకు వదిలారు?' అని అడిగి 'పని కోసం' అని రాసుకుంటే పరిశోధన అక్కడే ఆగిపోతుంది. ఊళ్ళో భూమి ఉందా, ఇంటి జాగాకు పట్టా ఉందా, నాచారంలో అద్దెగది అడిగితే కులం అడిగారా, కష్టకాలంలో నాలుగు రోజులు తలదాచుకోవడానికి నగరంలో చుట్టాల ఇల్లు ఉందా? ఇవీ అడగాలి. ఊరి చివర వెలివాడలో మొదలైన లేమి ఉప్పల్ ఫుట్‌పాత్ దాకా ఎలా వచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

2017 నేర్పినది

2017 నవంబర్ 28న ప్రధానమంత్రి హైదరాబాద్ వచ్చి ఒకేరోజు ఉప్పల్ మీదుగా వెళ్ళే నాగోల్–మియాపూర్ మెట్రోను, ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సును ప్రారంభించారు. అంతకుముందే పోలీసులు 144 సెక్షన్ కింద భిక్షాటనను నిషేధించారు. వీధుల్లోంచి తీసుకెళ్ళినవారిని జైలు ఆవరణలోని ఆశ్రమంలో ఉంచారు. పేదరికాన్ని నేరంగా చూసే ఈ పద్ధతికి 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఊతం. ఢిల్లీలో ఇలాంటి చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను అక్కడి హైకోర్టు 2018లో కొట్టేసింది.

హక్కుగా ఏముంది?

ఫుట్‌పాత్ వాసుల జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే షెల్టర్ ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన పెట్టింది. 2011 నాటి 67 లక్షల జనాభాతో చూసినా గ్రేటర్ హైదరాబాద్‌లో 6,700 మందికి చోటు ఉండాలి. మీ సర్కిల్‌లో ఎన్ని పడకలున్నాయో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకోవచ్చు.

డబుల్ బెడ్‌రూం ఇళ్ళలో ఎస్సీలకు వాటా పెట్టారు. అయితే అర్హతకు ఆహార భద్రత కార్డు ఉండాలన్నారు. చిరునామా లేనివారికి ఆ కార్డు దొరకడమే కష్టం. వాటా ఉన్నా అందరికన్నా అడుగున ఉన్న దళితుడికి అది చేరడం కష్టమే అయింది.

రాబోయే జనగణనలో అన్ని కులాల లెక్క ఉంటుందని కేంద్రం 2025లో ప్రకటించింది. ఇల్లు లేనివారిని లెక్కించే రాత్రి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో పిల్లర్ల కింద, నాచారం పారిశ్రామికవాడలో ఎవరు ఎక్కడ పడుకుంటారో ముందుగా తెలిసినవాళ్ళు మనలో ఉండాలి. ఆ జాబితా ఇప్పటి నుంచే, వాళ్ళ అనుమతితో, వాళ్ళను కూడా కలుపుకుని తయారు చేద్దాం. లెక్కలోకి రాని మనిషికి బడ్జెట్‌లో పైసా ఉండదు.