రెండోసారి పలక పట్టినవాళ్ళు



అమీర్‌పేట చౌరస్తాలో దిగి మైత్రీవనం దాకా నడిచారంటే, గోడలు కనబడవు, అన్నీ బోర్డులే. కంప్యూటర్ కోర్సులు, టాలీ, ఇంగ్లీషు మాట్లాడడం, కుట్టుపని, బ్యూటీషియన్ శిక్షణ, వాటి మధ్య మధ్య లేడీస్ హాస్టళ్ళు. ఒకప్పుడు ఈ పేట పేరు చెబితే సత్యం థియేటరు గుర్తొచ్చేది. ఇప్పుడది లేదు, ఆ జాగాలో 2023లో పెద్ద మాల్ వచ్చింది. 1990ల నుంచి ఇక్కడికి పల్లెల నుంచీ జిల్లాల నుంచీ పిల్లలు వచ్చి చదువుకుంటున్నారన్నది అందరికీ తెలుసు. కానీ ఆ బెంచీల మీద పిల్లలే కాదు, మనలాంటి వాళ్ళూ కూర్చుంటారు. భర్త పోయినవాళ్ళు, భర్తకు వున్నట్టుండి ఉద్యోగం పోయినవాళ్ళు, పిల్లలు చేతికందాక "ఇక నాకేమిటి?" అనుకున్నవాళ్ళు. మా సందులో ఒకావిడ ముప్ఫయ్యెనిమిదో ఏట టాలీ నేర్చుకోవడానికి వెళ్ళింది. మొదటి వారం నోట్సు పుస్తకాన్ని కూరల సంచీలో అడుగున పెట్టి తీసుకెళ్ళేదట, ఎవరైనా చూస్తే నవ్వుతారని.

మరి ఆ సిగ్గు ఎందుకూ అంటే, చదువుకు ఒక వయసుందనీ, అది దాటితే తలుపు మూసినట్టేననీ మన మనసుల్లో గట్టిగా పడిపోయింది. ఆ తలుపు తీయించింది ఒక తెలుగింటి ఆడపడుచే. ఆవిడ పేరు మన పేటకు ఎంతో దూరంలో కూడా లేదు. అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వైపు బస్సెక్కితే "స్టేట్ హోమ్" అని ఒక స్టాపు వస్తుంది. కండక్టరు ఆ పేరు పిలుస్తాడు, మనం దిగుతాం, ఎక్కుతాం. అదేమిటో ఎవరం పట్టించుకోం. దిక్కులేని స్త్రీలకు ఆశ్రయం ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టిన హోమ్ అది. ఆ దాపులనే దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మీద స్త్రీల సాంకేతిక శిక్షణ సంస్థ కూడా వుంది.

దుర్గాబాయమ్మగారి కథ అనగానే మనవాళ్ళు పదవులూ బిరుదులూ వరసగా చదివేస్తారు. కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఆపిన ముచ్చట ఎలాగూ చెబుతారు. అది 1923 నాటి మాట, పిల్లలక్కూడా తెలిసిందే, కనుక నేను చెప్పను. నాకెప్పుడూ అంతకు ముందూ, ఆ తర్వాతా జరిగిన సంగతులే పెద్దవిగా తోస్తాయి.

ఆవిడ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు, జమీందారీ కుటుంబానికి చెందిన సుబ్బారావుగారితో. ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. మన అమ్మమ్మల అమ్మమ్మలందరిదీ అదే కథ. కాపురానికి వెళ్ళే ఈడు వచ్చేసరికి మాత్రం ఆ పిల్ల మనసు వేరే దారి పట్టింది. హిందీ నేర్చుకుని, కాకినాడలో ఆడవాళ్ళకు తానే పాఠశాల పెట్టి నేర్పుతోంది. 1921లో గాంధీగారు వచ్చినప్పుడు, పన్నెండేళ్ళు నిండని వయసులో, దేవదాసీలనూ ముస్లిం స్త్రీలనూ కూడగట్టి వాళ్ళతో ఆయనచేత మాట్లాడించింది. అందుకు 5,000 రూపాయల నిధి కావాలంటే ఆ స్త్రీలచేతనే పోగుచేయించింది. తన చేతి గాజులు కూడా తీసి ఇచ్చింది.

పదిహేనో ఏట ఆ పిల్ల భర్తతో సూటిగా చెప్పింది: నేను మీకు తగిన ఇల్లాలిని కాలేను, మీరు మరో పెళ్ళి చేసుకోండి అని. తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలిచారు. అమ్మా, ఈ మాట మనం తేలిగ్గా చదివేస్తాం గానీ, వందేళ్ళ కిందట పదిహేనేళ్ళ ఆడపిల్ల ఆ మాట అంటే ఊరు ఊరుకుంటుందా? ఆ తర్వాత ఆవిడ సాధించినవన్నీ తెలుసు కనుక ఇవాళ మెచ్చుకుంటున్నాం. ఆనాడు ఆమె ముందు ఏమీ లేదు. మెట్రిక్ కూడా లేదు. పాఠశాలలో ఇంగ్లీషు తప్పనిసరి అన్నారని బడే మానేసిన పిల్ల ఆవిడ.

తర్వాత జైళ్ళు. ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో జరిగినప్పుడు 1930లో మొదటిసారి పట్టుకుపోయారు. 1933 లోపల మూడుసార్లు శిక్షలు పడ్డాయి. వేలూరు జైలులో మామూలు నేరాలకు శిక్ష పడిన స్త్రీలను చూశారు. చట్టమంటే ఏమిటో తెలియక, తమ తరఫున మాట్లాడేవాడు లేక, అడిగినదానికల్లా తలవూపి శిక్షలు వేయించుకున్నవాళ్ళు. మదురైలో ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. బయటికి వచ్చాక చూస్తే వుద్యమం చల్లబడింది, ఒంట్లో సత్తువ లేదు, చేతిలో చదువు లేదు, వయసు పాతికకు దగ్గరపడుతోంది.

అక్కడ ఆవిడ చేసిన పని, కూరల సంచీలో పుస్తకం దాచుకున్న మా సందు ఆవిడ చేసిన పనే. కూర్చుని మెట్రిక్ చదివారు. ఒకప్పుడు కాదని విసిరికొట్టిన ఇంగ్లీషును మొదటి అక్షరం నుంచి నేర్చుకున్నారు. కాశీ విశ్వవిద్యాలయం పరీక్షకు కట్టి ప్యాసయ్యారు. పంతం మార్చుకోవడం కదా అని కొందరు అంటారు. నాకు అలా తోచదు. పరాయివాడు నెత్తిన రుద్దిన చదువు వేరు, తనకు కావాలని తెచ్చుకున్న చదువు వేరు.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఇంకో చిక్కు. ఆడపిల్లలకు హాస్టలు లేదు గనక చేర్చుకోలేమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆవిడ ఏడుస్తూ ఇంటికి రాలేదు. చదువుకోవాలనీ, హాస్టలు లేక ఆగిపోయామనీ అనుకుంటున్న ఆడపిల్లలెవరైనా వున్నారా అని పత్రికలో ప్రకటన వేయించారు. కొంతమంది దొరికారు. అంతా కలిసి ఒక ఇల్లు చూసుకుని, వండుకు తింటూ, తామే హాస్టలు పెట్టేసుకున్నారు. ఇక కాదనడానికి ఏం మిగిలింది? అమీర్‌పేటలో ఇన్ని లేడీస్ హాస్టళ్ళ బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఆ వాల్తేరు ఇల్లే గుర్తొస్తుంది. తర్వాత మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకున్నారు. వేలూరు జైలులో చూసిన ఆడవాళ్ళ మొహాలు ఆవిడచేత చదివించిన చదువది.

ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు అంకురం పడింది. మొదట పెద్ద సంస్థేమీ కాదు. మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లలను చేరదీసి పాఠాలు చెప్పడం, తాను ప్యాసయిన ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే వాళ్ళనూ కూర్చోబెట్టడం. చూశారా, ట్యూషను సెంటరే! బడి మానేసినవాళ్ళకు కొద్దికాలంలో గట్టి శిక్షణ ఇచ్చి పరీక్ష గట్టెక్కించడమన్న ఆలోచన అక్కడ పుట్టింది.

రాజ్యాంగ సభలో ఆవిడ చేసిన పని గురించి చెప్పాలంటే మరో ప్రసంగం కావాలి. పదిహేనుమంది స్త్రీ సభ్యుల్లో ఆవిడ ఒకరు, అధ్యక్ష స్థానంలో కూర్చునే ప్యానెల్‌లో వున్న ఒకే ఒక్క స్త్రీ. అంత పేరున్న మనిషి 1952 ఎన్నికల్లో ఓడిపోయారు! ఆ ఓటమి గురించి మనవాళ్ళు ఎక్కువ చెప్పరు. నాకేమో, పార్లమెంటుకు నెగ్గి వుంటే మనకు ఇంత మేలు జరిగేది కాదేమో ననిపిస్తుంది. ఓడినందువల్లే ప్రణాళికా సంఘంలోకి వెళ్ళారు. అక్కడ పట్టుబట్టి మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది జనవరిలో, నలభై మూడో ఏట, అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారిని పెళ్ళి చేసుకున్నారు. చైనా వెళ్ళి వచ్చి, ఆలుమగల తగవులకు వేరే కుటుంబ న్యాయస్థానాలు కావాలని వాదించినదీ ఆ రోజుల్లోనే. ఆ చట్టం 1984లో వచ్చింది, ఆవిడ పోయిన మూడేళ్ళకు.

ఇక మన స్టేట్ హోమ్ సంగతి. ఆ బోర్డు 1954లో రెండు కమిటీలు వేసింది. ఆశ్రమాల నుంచీ, జైళ్ళ నుంచీ బయటికి వచ్చినవాళ్ళు, మోసపోయిన స్త్రీలు మళ్ళీ తమ కాళ్ళ మీద నిలబడాలంటే ఏం చేయాలో చెప్పమని. ఆ సిఫార్సుల మీద రెండో పంచవర్ష ప్రణాళికలో రాష్ట్రాలలో స్టేట్ హోములు పెట్టారు. అన్నం పెట్టి వుంచుకోవడం ఒక్కటే కాదు, ఏదో ఒక పని నేర్పి పంపాలన్నది అందులోని అసలు ఉద్దేశం. అది అన్నిచోట్లా, అన్నివేళలా అనుకున్నట్టు జరిగిందని మాత్రం నేను చెప్పను.

అంతకన్నా గొప్పది 1958లో మొదలైన పథకం. అప్పుడు పల్లెల్లో ఒక చిత్రమైన కరువు వుండేది. గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, మంత్రసానులు కావాలి, పంతులమ్మలు కావాలి. ఉద్యోగాలున్నాయి, మనుషులు లేరు. ఎందుకంటే ఆ శిక్షణకు కావలసినంత చదువు వున్న ఆడవాళ్ళు పల్లెల్లో లేరు. మరోవైపు చూస్తే వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో బడి మానేసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. బతుకు తెరువు లేదు. ఈ రెంటినీ కలపడమే ఆ పథకం. పెద్దవయసు స్త్రీలకు చాలా ఏళ్ళ చదువును సుమారు రెండేళ్ళలో కుదించి చెప్పి పరీక్షకు కూర్చోబెట్టడం. కండెన్స్‌డ్ కోర్సు అనేవారు. మన పాలు మరగబెట్టి కోవా చేసినట్టన్నమాట! పాఠం చిక్కబడుతుంది గానీ పొయ్యి దగ్గర కూర్చున్నావిడకు చెమటలు పడతాయి. పదేళ్ళు పుస్తకం ముట్టనివాళ్ళు మళ్ళీ లెక్కలు చేయాలంటే మాటలా? అయినా చేశారు. ప్యాసై పంతులమ్మలైనవాళ్ళు, నర్సులైనవాళ్ళు మన జిల్లాల్లో ఎంతోమంది.

ఒక్క సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. పదిహేనో ఏట ఆవిడ వద్దనుకున్న ఆ సుబ్బారావుగారు మరో పెళ్ళి చేసుకున్నారు, కొన్నాళ్ళకు పోయారు. ఆయన పోయాక ఆ రెండో ఇల్లాలిని అయినవాళ్ళు చూడలేదు. ఆమెను ఎవరు ఆదుకున్నారనుకున్నారు? దుర్గాబాయమ్మగారే. తన సంస్థకు తెచ్చుకుని, చదువూ చేతిపనీ నేర్పించి, ఆమె కాళ్ళ మీద ఆమె నిలబడేలా చేశారు. జాలిపడి నెలకింత అని పంపి వూరుకోవచ్చు. అలా చేయలేదు. తనకు ఏది అక్కరకు వచ్చిందో ఆమెకూ అదే ఇచ్చారు. నేనైతే పద్మవిభూషణ్ కన్నా ముందు ఈ సంగతే చెబుతాను.

ఆవిడ చివరి ఏళ్ళు మన హైదరాబాదులోనే గడిచాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం దాపున ఆంధ్ర మహిళా సభ కళాశాలలు, విద్యానగర్‌లో ఆవిడ పేరిట ఆస్పత్రి ఇప్పటికీ వున్నాయి. 1981 మే 9న పోయారు. కేంద్ర బోర్డును 2022లో ప్రభుత్వం మూసివేసింది. దాదాపు డెబ్బయ్యేళ్ళు నడిచిన బోర్డు అది. ఆ వార్త పేపర్లో ఓ మూల చిన్నగా వచ్చింది.

కోర్సు పోయినా దారి పోలేదు. 1982లో మన రాష్ట్రంలోనే దేశానికంతటికీ మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడది జూబ్లీహిల్స్‌లో అంబేడ్కర్‌గారి పేరుతో వుంది. పదో తరగతి ఆగిపోయినవాళ్ళకు ఓపెన్ స్కూలు వుంది. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైన ఇంత వయసు వరకే అన్న హద్దు లేదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ ఇంటికి పనికి వచ్చే అమ్మాయికో ఈ సంగతి తెలియకపోతే చెప్పండి. దగ్గరలో వున్న ప్రభుత్వ హైస్కూలులో అడిగితే వివరాలు దొరుకుతాయి.