గుల్జార్ హౌజ్

గుల్జార్ హౌజ్ హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు ఉత్తరముగా, చార్ కమానుల నడుమ ఉన్న పురాతన ఫౌంటెను. దాని చుట్టూ ఉన్న పేటకు కూడా ఇదే పేరు. అఫ్జల్‌గంజ్ నుండి వచ్చువారు నయాపూల్, మదీనా కూడలి, పత్థర్‌గట్టి దాటి మచ్లీ కమాను కిందుగా ఇక్కడికి చేరవచ్చును.

పేరు

దీని తొలి పేరు చార్ సూ కా హౌజ్. ఫారసీలో "సూ" అనగా దిక్కు, "హౌజ్" అనగా తొట్టి. కనుక ఇది నాలుగు దిక్కుల తొట్టి. పూలతోట అనే అర్థము గల "గుల్జార్" తరువాత వచ్చి చేరినది. పాత పేరే దీని స్వభావాన్ని బాగా చెబుతుంది. దీని దగ్గర నిలబడి చూస్తే నాలుగు వైపులా నాలుగు కమానులు కనిపిస్తాయి.

చరిత్ర

ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించినప్పుడు నగర రూపకల్పన భారమును ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ వహించెను. చార్మినారు వెంటనే 1592 ప్రాంతములో చార్ కమానులు, వాటి మధ్య ఈ హౌజు నిర్మించబడినవి. కమానుల ఎత్తు సుమారు 60 అడుగులు. దక్షిణాన చార్మినార్ కమాను, ఉత్తరాన మచ్లీ కమాను, తూర్పున కాలీ కమాను, పడమర షేర్-ఎ-బాతిల్ కమాను ఉన్నవి. పడమటి కమాను రాజప్రాసాదాలకు ద్వారము. అంటే నేడు బజారుగా ఉన్న ఈ స్థలము ఆనాడు ప్రాసాదము ముందరి విశాలమైన ఆవరణ.

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించిన తరువాత ఆ ప్రాసాదాలు శిథిలమైపోయినవి. ద్వారము మిగిలినది, ముంగిటి హౌజు మిగిలినది. లోపలి భవనాలు మాత్రము లేవు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలములో పత్థర్‌గట్టి రాతి దుకాణాల వరుస వెలసి, ఈ దారికి నేటి రూపు వచ్చినది.

ప్రస్తుత స్థితి

ముత్యాలు, వెండి, బంగారు నగల వ్యాపారానికి ఈ పేట ప్రసిద్ధి. హౌజు రోడ్డు నడిమధ్యన ఉండుటవలన చాలా కాలము వాహనాలు చుట్టి తిరిగే కూడలిగానే ఉపయోగపడినది. చార్మినారు పాదచారుల పథకములో భాగంగా ఇక్కడి నుండి చార్మినారు వరకు దారిని రాళ్ళతో పరచి వాహనాలను నియంత్రించారు. చిరునామా చెప్పేటప్పుడు "గుల్జార్ హౌజ్" అంటే స్థానికులకు స్ఫురించేది నీరు కాదు, నగల దుకాణాలు.

2025 మే 18 ఉదయము ఈ పేటలోని ఒక భవనములో జరిగిన అగ్నిప్రమాదములో 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. మృతులు ఒకే ఉమ్మడి కుటుంబానికి చెందినవారు. కింద దుకాణాలు, పైన నివాసము ఉండే పద్ధతి ఈ ప్రాంతపు పాత భవనాలలో సాధారణము; బయటికి వచ్చే దారి ఇరుకుగా ఉండుట ప్రాణనష్టాన్ని పెంచినది. హైదరాబాదు బయట చాలామంది గుల్జార్ హౌజ్ పేరును మొదటిసారి విన్నది ఆ వార్తలలోనే.