ఇంటిపేరైన వాయిద్యం



మోర్ధానా, గుడియాత్తం వైపు మన ఇళ్ళల్లో ఎవరైనా "రాయవేలూరికి పోతున్నాం" అంటే ఎందుకని అడగరు. "ఎవరికి బాగాలేదు?" అని అడుగుతారు. రాయవేలూరంటే మనకు పెద్దాసుపత్రి. 1900లో ఒకే ఒక్క పడకతో దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడ్డర్, గుడియాత్తం దారిలో ఆగి ఆగి, చెట్ల నీడన రోగుల్ని చూశారు. అందుకే ఆసుపత్రి అనగానే మనకు మందు, చీటీ, వరుసలో నిలబడటం గుర్తొస్తాయి. పాట గుర్తురాదు.

ఐరోపాలో ఒకప్పుడు ఆ మాటకు అర్థం ఇంకా పెద్దది. రోగులకే కాదు, దిక్కులేని వాళ్ళందరికీ నీడనిచ్చే చోటు అది. మన సత్రం లాంటిదనుకోండి. ఇటలీలోని వెనిస్ నగరంలో 1346లో పుట్టిన 'పియెతా' అలాంటిదే. సాకలేని తల్లులు వదిలిన పసిబిడ్డల కోసం పెట్టిన ఇల్లది. బిడ్డను ఉంచి వెళ్ళడానికి గోడలో చిన్న గూడు ఉండేది. 1992లో మన సేలం జిల్లాలో మొదలైన ఉయ్యాల బిడ్డల పథకం మీకు తెలుసు కదా. అదే బాధ, అదే ఉయ్యాల.

పియెతాలో మగపిల్లలు ఏదో ఒక చేతిపని నేర్చుకుని బయటికి వెళ్ళేవారు. ఆడపిల్లల్లో స్వరజ్ఞానం ఉన్నవాళ్ళకు సంగీతం నేర్పేవారు. 1703లో వివాల్డి అనే యువ పురోహితుడు అక్కడ వయొలిన్ మాస్టరుగా చేరాడు. ఆ పిల్లల కోసమే ఎన్నో రచనలు చేశాడు. మేడ మీద ఇనుప జాలీ వెనక నిలబడి వాళ్ళు కచేరీ చేస్తుంటే, దూరదేశాల వాళ్ళు కింద కూర్చుని వినేవారు. పాట వినబడేది, ముఖం సరిగా కనబడేది కాదు. వినవచ్చినవాళ్ళ విరాళాలు ఆ ఇంటి ఖర్చుకు అక్కరకొచ్చేవి.

ఆ పిల్లల్లో ఒకరు అన్నా మరియా. తల్లిదండ్రులెవరో తెలియదు కనుక ఇంటిపేరు లేదు. జనం ఆమెను 'వయొలిన్ అన్నా మరియా' అన్నారు. వాయిద్యమే ఇంటిపేరైంది! 1737లో ఆమె అక్కడి సంగీతానికి పెద్దదిక్కయింది. 1782లో కన్నుమూసేదాకా ఆ ఇంట్లోనే ఉంది. అయితే అంతా బంగారమేమీ కాదు. పెళ్ళి చేసుకుని బయటికి వెళ్ళే పిల్ల ఇకమీద నలుగురిలో వాయించనని మాట ఇవ్వాల్సి వచ్చేది. పేరు తెచ్చిన విద్యను గడప దగ్గరే వదిలి వెళ్ళాలన్నమాట.

లండన్‌లోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉండేది. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ళ తరబడి తిరిగి, 1739లో దానికి రాజానుమతి సంపాదించాడు. బిడ్డను అప్పగించే తల్లులు ఆనవాలుగా గుడ్డపీలికో, గుర్తు చేసిన నాణెమో ఇచ్చి వెళ్ళేవారు. ఏనాడైనా తిరిగొచ్చి బిడ్డను అడగవచ్చన్న ఆశ. 1750 మే 1న అక్కడి ప్రార్థనామందిరంలో హాండెల్ తన 'మెస్సయ్య' వినిపించాడు. జనం పట్టక, అదే నెలలో మళ్ళీ వినిపించాడు. ఆ తర్వాత ఏటేటా జరిగిన ఆ కచేరీల రాబడి పిల్లలకే చెందింది. 1759లో కన్నుమూస్తూ ఆ రచన ప్రతి ఒకదాన్ని కూడా వాళ్ళకే రాసిచ్చాడు.

ఇదంతా ఒక బడిపంతులు ఎందుకు చెబుతున్నాడంటారా? ఒక ఏడాది హాజరు పట్టీ రాస్తూ, ఒక పాపను అందరి ముందూ అడిగాను, "నీ ఇనిషియల్ ఏమిటమ్మా? మీ నాయన పేరేమిటి?" అని. ఆ పాప తలవంచుకుంది. ముసలి అవ్వ పెంచుతున్న బిడ్డ అని నాకు తర్వాత తెలిసింది. అన్నా మరియా గురించి చదివిన రోజున ఆ వంచిన తలే నా కళ్ళముందు కదిలింది.

ఇప్పుడు నేను ఆ ప్రశ్న నలుగురిలో అడగను. "నీకేం వచ్చు తల్లీ?" అని అడుగుతున్నాను. ఒకరు పాట అంటారు, ఒకరు ముగ్గు అంటారు. గడి నింపడం తర్వాతైనా చేయవచ్చు.

సెలవు.