మిరపకు పెట్టిన పేరు, మాకు పెట్టిన పేరు

మా చిన్నప్పుడు బనగానపల్లె అంచున మా ఎరుకల గుడిసెల ముందర ఒక పగిలిన కుండ, అందులో ఒక మిరప చెట్టు కనిపించేవి. నేలలో నాటితే పందులు పెళ్లగించేవి, కోళ్లు గీకేసేవి. అందుకే కుండలో పెంచేవాళ్లం. కార్తీకం దాటి మంచు పడటం మొదలైతే రాత్రిపూట ఆ కుండను గుడిసెలోకి తెచ్చి, పొయ్యికి కాస్త ఎడంగా పెట్టేవాళ్లం. పొద్దెక్కి ఎండ రాగానే మళ్లీ బయట పెట్టేవాళ్లం. ఆ మోత పని పిల్లలమైన మాది. బద్ధకిస్తే మా అవ్వ ఊరుకునేది కాదు. "ఎండకు నీడ, చలికి ఇల్లు. మనిషికైనా చెట్టుకైనా అంతే కదరా" అనేది.

తర్వాత మేము ఉపాధ్యాయులమయ్యాం. ఒకనాడు తరగతిలో మొక్కల పాఠం చెబుతూ, ఏడాదిలోనే బతుకు ముగిసే మొక్కలకు మిరపను ఉదాహరణగా చెప్పాం. వెనక వరుసలో మా పేట పిల్ల లేచి, "మా ఇంట్లో మిరప చెట్టు మూడేండ్లది సార్" అంది. మాకు మాట రాలేదు. మా ఇంట్లో మేమే పెంచిన చెట్టును మరచి, పుస్తకంలో మాట చెప్పాం.

ఆ పుస్తకంలో మాటకు ఒక చరిత్ర ఉంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకు పేర్లు పెడుతూ మిరపను 'క్యాప్సికమ్ ఆన్యువమ్' అన్నాడు. ఆన్యువమ్ అంటే ఏడాదిది. యూరప్ చలికి, గడ్డకట్టే మంచుకు ఆరుబయట మిరప ఏడాది దాటి బతకదు. కానీ మిరప పుట్టిల్లు అమెరికా ఖండంలోని వెచ్చని నేలలు. అక్కడ అది ఏళ్ల తరబడి బతికే చెట్టు. చలిదేశంలో దానికి జరిగిందే దాని గుణమన్నట్టు పేరు స్థిరపడింది.

1492లో కొలంబస్ అమెరికా చేరాక మిరప సముద్రం దాటింది. పోర్చుగీసువాళ్లు 1510లో గోవా పట్టుకున్నారు. వాళ్ల ఓడల వెంట మిరప మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన కూరల్లో కారమంటే మిరియమే. మిరియం పేరు మీదనే మిరపకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. రోడ్లు, రైళ్లు లేని ఆ రోజుల్లో తీరం సరుకు మన రాయలసీమ లోపలికి రావాలంటే ఎద్దుల మీద, గాడిదల మీద రావాలి. ఆ బరువులు తోలినవాళ్లలో మా ఎరుకలవాళ్లు, సుగాలీలు ఉన్నారు. మాలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అనే పేర్లు ఉండటమే దానికి సాక్ష్యం. మేము ఊరూరా తిరిగింది పని లేక కాదు. తిరగడమే మా పని.

ఆ పని ఒక్కొక్కటిగా చేజారింది. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు కుంపిణీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. ఆ తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చి ఎద్దుల బేరాన్ని దెబ్బతీశాయి. 1876-78 కరువులో కర్నూలు సీమలో మనుషులు, పశువులు లెక్కలేనంతగా చనిపోయాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో పశువుల మేతకు, వెదురుకు ఆంక్షలు వచ్చాయి. ఇన్ని దారులు మూసినవాళ్లే మమ్మల్ని "పని లేక తిరిగేవాళ్లు" అన్నారు. 1871లో ఉత్తరాదిన పెట్టిన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ చట్టం కింద నమోదైనవాళ్లు వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు చెప్పుకోవాలి. అడగకుండా ఊరు దాటకూడదు. కొన్ని కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. మనిషి చేసిన పనిని బట్టి కాదు, పుట్టిన కులాన్ని బట్టి నేరస్తుడన్నారు.

బనగానపల్లె నవాబుల సంస్థానం 1948లో కర్నూలు జిల్లాలో కలిసింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కాగితం మీద పేరు పోయింది. కానీ ఊళ్లో ఏదైనా పోతే ముందు మా పేట వైపు చూసే చూపు ఇంకా పోలేదు. బడిలో పలక పోయినా మా పిల్లల సంచే ముందు వెతుకుతారు.

మిరపను ఏడాదిది అన్నవాళ్లు దాన్ని చలిలో చూశారు. మమ్మల్ని దొంగలన్నవాళ్లు మా బేరం పోయాక చూశారు.

ఆ చెట్టును బతికించే తీరు మా అవ్వలు నేర్పారు. రాయకపోతే అదీ పోతుంది. కాపు తగ్గాక పీకేయకుండా, మొదట్లో రెండు మూడు కణుపులుంచి పై కొమ్మలు కత్తిరించాలి. వేరు తెగకుండా మట్టిగడ్డతో తీసి, అడుగున చిల్లున్న కుండలో పెట్టాలి. మన చలికి చెట్టు చావదు గానీ పూత రాలుతుంది, ఎదుగుదల ఆగుతుంది. కాబట్టి రాత్రి లోపల, పగలు ఎండలో పెట్టాలి. చలికాలం నీళ్లు తక్కువ చాలు. పైమట్టి ఆరాకే పోయాలి, లేకుంటే వేరు కుళ్లుతుంది. ఆకు అడుగున పురుగుందేమో చూసి కడగాలి. ఆకు ముడతపడి చెట్టంతా గిడసబారితే జాలిపడకుండా పీకి దూరంగా పారేయాలి. అది తెల్లదోమ వల్ల పక్క చెట్లకూ అంటుతుంది. మాఘం దాటితే కొత్త చిగురు వస్తుంది. మా సీమలో అసలు గండం వేసవి. అప్పుడు వేపచెట్టు నీడ, సాయంత్రం నీళ్లు తప్పనిసరి. ఇలా చూసుకుంటే మూడేళ్లు కాయలు కోసుకోవచ్చు.

మరుసటి రోజు ఆ పిల్ల తన కుండను బడికి తెచ్చింది. మొదలు మా బొటనవేలంత లావుంది. పిల్లలంతా చుట్టూ చేరి చూశారు. మేము పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పాం. ఈసారి మిరపతోపాటు ఉప్పు ఎరుకల సంగతీ చెప్పాం.