శీతాకాల ఒలింపిక్స్‌లో భారత జట్టు

శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తొలిసారి 1964లో పోటీపడింది. మధ్యలో కొన్నిసార్లు గైర్హాజరైనా, 1998 నుంచి ఒక్కసారి కూడా మానకుండా వెళ్తోంది. పతకం మాత్రం ఇంతవరకు రాలేదు. జట్టు అనడం పేరుకే. చాలాసార్లు వెళ్లింది ఒకరో ఇద్దరో, 2006లో వెళ్లిన నలుగురే పెద్ద బృందం. ఆడిన ఆటలు కూడా మూడే: అల్పైన్ స్కీయింగ్, క్రాస్ కంట్రీ స్కీయింగ్, ల్యూజ్.

హిమాలయాలున్న దేశానికి మంచు కొరత లేదు. కొరత స్కీ లిఫ్టులకు, కృత్రిమ మంచు మైదానాలకు, విదేశీ పోటీలకు పంపే డబ్బుకు. ల్యూజ్ ట్రాక్ దేశంలో ఒక్కటీ లేదు. అందుకే ఆటగాళ్లు హిమాలయ రాష్ట్రాలన్నిటి నుంచీ సమానంగా రాలేదు. స్కీయింగ్ నేర్పే వసతి ఉన్న మనాలి, గుల్మార్గ్ నుంచి, లదాఖ్ నుంచి, కొండల్లో పోరాడటానికి సైనికులకు స్కీయింగ్ నేర్పే సైన్యం నుంచి వచ్చారు.

శీతాకాల ఒలింపిక్స్ 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో మొదలయ్యాయి. నలభై ఏళ్ల తర్వాత ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో భారత్ తరఫున బరిలో దిగిన వ్యక్తి జెరెమీ బుజాకోవ్‌స్కీ. ఈయన పుట్టింది పోలండ్ కుటుంబంలో. తల్లిదండ్రులు హలీనా, స్టానిస్లావ్ 1934లో మోటారుసైకిల్‌పై ద్రుస్కినింకై పట్టణం నుంచి బయల్దేరి షాంఘై దాకా వెళ్లిన యాత్రికులు. ఇన్స్‌బ్రుక్‌లో డౌన్‌హిల్ పోటీని బుజాకోవ్‌స్కీ పూర్తి చేయలేకపోయాడు. 1968లో గ్రెనోబుల్‌కు మళ్లీ వెళ్లాడు, అప్పుడూ ఆయనొక్కడే. తర్వాత ఇరవై ఏళ్లపాటు భారత్ ఊసే లేదు.

1988లో కాల్గరీకి ముగ్గురు వెళ్లారు. వారిలో శైలజా కుమార్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారతీయ మహిళ. పాతిన కంబాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే మహిళల స్లాలమ్‌లో ఆమె 28వ స్థానంలో నిలిచింది. 1992 ఆల్బర్ట్‌విల్ పోటీల్లో ఇద్దరు పురుషులు స్కీయింగ్ చేశారు. 1994లో భారత్ పాల్గొనలేదు.

అక్కడి నుంచి రెండు దశాబ్దాల చరిత్ర దాదాపు ఒకే మనిషి చరిత్ర. శివ కేశవన్ 1981లో మనాలి దగ్గరి వశిష్ఠ గ్రామంలో పుట్టాడు. తండ్రి కేరళీయుడు, తల్లి ఇటాలియన్. సనావర్ పాఠశాలలో చదువుకుంటుండగా ఆస్ట్రియా మాజీ ల్యూజ్ ఆటగాడు గుంటర్ లెమ్మెరర్ పంచ్‌గనిలో పెట్టిన శిబిరానికి వెళ్లాడు. మంచే పడని జమైకా నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టు కథతో తీసిన ‘కూల్ రన్నింగ్స్’ సినిమాను పిల్లలకు చూపించి ఆసక్తి రేపారు. 1998లో నగానో ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి కేశవన్ వయసు 16. 28వ స్థానంలో నిలిచాడు.

ల్యూజ్‌లో ఆటగాడు చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, మంచు కాలువలాంటి ట్రాక్‌లో గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో జారుతాడు. బ్రేకులు ఉండవు. పిక్కలతో, భుజాలతో స్లెడ్‌ను అదిమి దారి మళ్లించాలి. స్వదేశంలో ట్రాక్ లేని కేశవన్ స్లెడ్‌కు చక్రాలు బిగించి హిమాలయ రోడ్ల మీద సాధన చేసేవాడు. లారీలు, గొర్రెల మందలు ఎదురయ్యే రోడ్లవి. తిరుమల నుంచి అలిపిరికి దిగే ఘాట్ రోడ్డులో నిర్ణీత సమయం కంటే ముందే కిందికి చేరిన బండికి జరిమానా పడుతుంది. అలాంటి మలుపుల్లో బ్రేకుల్లేని స్లెడ్ మీద పడుకుని దిగడం ఎంతటి సాహసమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

2002లో సాల్ట్ లేక్ సిటీకీ కేశవన్ ఒక్కడే వెళ్లాడు. 2006 టురిన్‌లో 25వ స్థానం ఆయన ఒలింపిక్ జీవితంలో అత్యుత్తమం. ఆ ఏడాది నేహా అహుజా, హీరాలాల్ అల్పైన్ స్కీయింగ్‌లోనూ, బహదూర్ గుప్తా క్రాస్ కంట్రీలోనూ ఆడారు. 2010 వాంకూవర్ పోటీలకు ముందు కేశవన్ స్లెడ్ దెబ్బతింటే, కొత్తది కొనడానికి న్యాయవాదులు చందాలు వేసుకున్నారు. జార్జియా ల్యూజ్ ఆటగాడు నోదార్ కుమారితాష్విలి సాధనలో ప్రాణాలు కోల్పోయింది ఆ పోటీల ట్రాక్ మీదే. ఆసియా స్థాయిలో కేశవన్‌కు గెలుపు దక్కింది. 2011, 2012 ఆసియా కప్ పోటీల్లో స్వర్ణాలు సాధించాడు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో 34వ స్థానంతో, ఆరు ఒలింపిక్స్ ఆడిన వాడిగా విరమించాడు. 2020లో అర్జున పురస్కారం అందుకున్నాడు. అప్పటికి ఆయన ఆట మాని రెండేళ్లయింది.

2014 సోచి పోటీలు భారత్‌కు ఇబ్బందికరంగా మొదలయ్యాయి. ఎన్నికల వ్యవహారంలో భారత ఒలింపిక్ సంఘాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2012 డిసెంబరులో సస్పెండ్ చేసింది. దాంతో ముగ్గురు భారతీయులూ ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జెండా కింద స్వతంత్ర క్రీడాకారులుగా నడిచారు. ఫిబ్రవరి 9న సంఘానికి కొత్త ఎన్నికలు జరగ్గా, 11న సస్పెన్షన్ ఎత్తేశారు. పోటీలు నడుస్తుండగా ఒక దేశాన్ని తిరిగి చేర్చుకోవడం ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. కేశవన్ పోటీ అప్పటికే ముగిసిపోయింది. ఆ తర్వాత పోటీపడిన హిమాంశు ఠాకూర్, నదీమ్ ఇక్బాల్ భారత్ పేరుతోనే ఆడారు. ముగింపు వేడుకలో మువ్వన్నెల జెండా హిమాంశు పట్టుకున్నాడు.

ప్యాంగ్‌చాంగ్‌లో కేశవన్‌తోపాటు వెళ్లిన జగదీశ్ సింగ్ 15 కిలోమీటర్ల క్రాస్ కంట్రీలో 103వ స్థానం పొందాడు. 2022 బీజింగ్‌కు గుల్మార్గ్ ప్రాంతపు ఆరిఫ్ ఖాన్ ఒక్కడే వెళ్లాడు. డబ్బు లేక 2018 పోటీలకు దూరమైన ఆటగాడు ఇతను. స్లాలమ్‌లో అర్హత అతనికి దుబాయ్‌లో దక్కింది, అదీ ఎడారి నగరంలో కప్పు కింద కట్టిన కృత్రిమ మంచు వాలు మీద. జెయింట్ స్లాలమ్ అర్హత మాంటెనెగ్రోలో వచ్చింది. ఒక భారతీయుడు ఒకే శీతాకాల ఒలింపిక్స్‌లో రెండు విభాగాలకు నేరుగా అర్హత పొందడం అదే తొలిసారి. ఒలింపిక్ పతక ఆశావహులకు తోడ్పడే ప్రభుత్వ టాప్స్ పథకం కింద అతనికి 17.46 లక్షల రూపాయలు అందాయి. భారత్-చైనా సరిహద్దులో జరిగిన గల్వాన్ ఘర్షణలో పాల్గొన్న చైనా సైనికాధికారి చేతికి ఒలింపిక్ జ్యోతి ఇవ్వడంతో భారత్ దౌత్యపరంగా వేడుకలను బహిష్కరించింది, దూరదర్శన్ ప్రారంభ, ముగింపు ఉత్సవాలను ప్రసారం చేయలేదు. ఆరిఫ్ మాత్రం జెండా పట్టుకుని నడిచాడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. స్లాలమ్ పూర్తి చేయలేకపోయాడు. 2026 మిలాన్-కోర్టినా పోటీలకు ఆరిఫ్‌తోపాటు లదాఖ్ క్రాస్ కంట్రీ ఆటగాడు స్టాంజిన్ లుండుప్ వెళ్లాడు.

ఒలింపిక్స్ వెలుపల పరిస్థితి కొంత మెరుగు. ఆసియా శీతాకాల క్రీడల్లో భారత్ 1986 తొలి పోటీల నుంచి ఉంది. 2025 జూన్‌లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఐస్ హాకీ ఆసియా కప్‌లో భారత్ కాంస్యం గెలిచింది. ఆ జట్టులో అత్యధికులు లదాఖ్ అమ్మాయిలే. మేధోపర వైకల్యం ఉన్నవారి కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల క్రీడల్లో, అదే ఏడాది టురిన్‌లో, భారత్‌కు 33 పతకాలు వచ్చాయి. దేశంలో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు 2020లో గుల్మార్గ్‌లో మొదలయ్యాయి. తర్వాత మంచు మైదానపు పోటీలకు లేహ్ వేదికైంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి శీతాకాల ఒలింపిక్స్‌కు ఎవరూ వెళ్లలేదు. తెలుగువారికి ఈ ఆటల్లో దారి కొండలమీద నుంచి కాక చక్రాలమీద నుంచి పడింది. హైదరాబాద్‌లో రోలర్ స్కేటింగ్‌కు పాత పునాది ఉంది. అక్కడి స్కేటర్ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్ కాంస్యం గెలిచి, 2015లో అర్జున పొందాడు. అదే ఒడుపుతో చక్రాల నుంచి ఐస్ మీదికి మారడం సాధ్యమే, వేగం అలవాటైన కాళ్లకు బ్లేడు నేర్పాలంతే. 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా పోటీల్లో తాళ్లూరి నయనశ్రీ ఐస్ స్కేటింగ్‌లో తెలంగాణకు స్వర్ణం తెచ్చింది. హైదరాబాద్‌లో 2004లో తెరిచిన స్నో వరల్డ్ వినోద కేంద్రమే తప్ప పోటీ స్థాయి మైదానం కాదు. నిర్ణీత కొలతల ఇండోర్ మైదానం కావాలంటే దక్షిణాది స్కేటర్లు డెహ్రాడూన్ దాకా వెళ్లాల్సిందే. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన ఆ రింక్ ఏళ్ల తరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది.