మాంట్రియల్ స్టేడియం: ముప్పై ఏళ్ల బాకీ

కెనడాలోని మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియాన్ని 1976 క్రీడల కోసం ఫ్రెంచి వాస్తుశిల్పి రోజే తాయిబేర్ రూపొందించాడు. లాటరీలు, నాణేలు, తపాలా బిళ్లల అమ్మకంతోనే ఖర్చు గడిచిపోతుందని, పన్నుల సొమ్ము ముట్టుకోనక్కర్లేదని మేయర్ ఝాఁ డ్రాపో నమ్మబలికాడు. మగవాడు బిడ్డను కనడం ఎంత అసాధ్యమో ఒలింపిక్స్‌కు లోటు రావడమూ అంతే అసాధ్యమన్నాడు.

సమ్మెలు, పెరిగిన ధరలు, చిక్కైన కాంక్రీటు డిజైను కలిసి లెక్కలన్నీ తలకిందులు చేశాయి. 1975 చివర్లో క్యూబెక్ ప్రభుత్వమే పనులను చేతుల్లోకి తీసుకుంది. అయినా పోటీలు మొదలయ్యేనాటికి గోపురం సగంలో ఆగి ఉంది, పైకప్పు లేనే లేదు. ఆ పైకప్పు 1987లో గానీ అమరలేదు. అమరాకైనా నిలిచిందా అంటే అదీ లేదు, చిరుగుతూనే వచ్చింది.

అప్పు తీర్చడానికి క్యూబెక్‌లో పొగాకుపై ప్రత్యేక పన్ను విధించారు. ఏ ఆటా చూడని సిగరెట్ ప్రియులు కూడా స్టేడియం బాకీ కట్టారన్నమాట! వేదికను వాడుకునేవారి నుంచి కాక ఇలా రాబట్టడం న్యాయమనిపించుకోదు. వడ్డీ, మరమ్మతులతో కలిపి మొత్తం ఖర్చు దాదాపు 161 కోట్ల కెనడా డాలర్లకు చేరింది. చివరి వాయిదా 2006లో చెల్లింది. 1977 నుంచి అక్కడ ఆడిన ఎక్స్‌పోస్ బేస్‌బాల్ జట్టు 2004 సీజన్‌తోనే ఊరు వదిలి వాషింగ్టన్‌కు తరలిపోయింది.