కిక్రి వినని ఇల్లు



మా హాస్టల్‌లో చదివి వెళ్లిన ఒక అమ్మాయి ఈమధ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "మేడం, తాత పోయినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. ఇక్కడ సౌండ్ థెరపీ అని కంచు గిన్నెలు మోగిస్తారట, వెళ్లమంటారా?" అంది. నేను వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "మీ పర్ధాన్ వచ్చి కిక్రి వాయించినప్పుడు నువ్వు ఉన్నావా?" అని అడిగాను. "అప్పుడు పరీక్షలు మేడం" అంది. ఆ మాటే నన్ను ఇది రాయించింది.

శబ్దంతో మనసుకు ఊరట ఇవ్వడం బయటి ప్రపంచంలో ఒక చదువుగా మారింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. అమెరికాలో గాయపడిన సైనికుల ఆసుపత్రుల్లో సంగీతం వాడారు. 1944లో మిషిగన్‌లో దానికి డిగ్రీ కోర్సు పెట్టారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు వేలకు పైగా అధ్యయనాలు చూసి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని చెప్పింది. మంచిదే. మన గోండు ఇళ్లకు మాత్రం ఆ పని చేసే మనిషి తరతరాలుగా ఉన్నాడు.

కిక్రికి మూడు తీగలు, ఒక కమాను. వాయించేది పర్ధాన్లు, తోటీలు. మహారాష్ట్ర గోందియా జిల్లాలోని కచార్‌గఢ్ గుహ కథ మీలో కొందరు వినే ఉంటారు. గుహలో బందీలైన పిల్లలు హీరాసుకా పాటాలీర్ కిక్రి విని బలం తెచ్చుకుని బండను తోసేశారట. ఆ బండ కిందే ఆయన ప్రాణం పోయిందట. ఈ కథ చెప్పుకునేటప్పుడు పిల్లల గెలుపు గుర్తుంటుంది, వాయించినవాడు మరుగున పడతాడు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. (టీచర్ ట్రైనింగ్ చేసిన దాన్ని కదా, ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.) ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో అచ్చయిన ఆయన పుస్తకంలో పర్ధాన్లు చెప్పిన కథలకు పెద్ద చోటుంది. ఇంట్లో మరాఠీ మాట్లాడే పర్ధాన్లు మన సగల చరిత్రను గోండిలో చెబుతారు. మనిషి పోయినప్పుడు ఆ మనిషిని పెర్సపెన్ దగ్గరికి, పెద్దల దగ్గరికి చేర్చే కార్యంలో వాళ్లు ఉండాల్సిందే.

మా నాన్న పోయినప్పుడు అన్నయ్యా నేనూ పర్ధాన్‌ను పిలవలేదు. ఉద్యోగస్థులం కదా, అదంతా దండగ ఖర్చు అనుకున్నాం. అమ్మ ఏడవలేదు. ఏడాదిపాటు పొయ్యి దగ్గరే కూర్చునేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. మరుసటి ఏడు పంట ఇంటికొచ్చాక ఆయనే తన వాటా కోసం వచ్చాడు. అది ఆయన హక్కు. మమ్మల్ని ఒక్క మాట అనకుండా గుమ్మం పక్కన కూర్చుని కిక్రి తీశాడు. మా గోత్రం, మా పెద్దల పేర్లు వరసగా చెప్పుకుంటూ వచ్చి నాన్న పేరు దగ్గర ఆగాడు. తీగ మాత్రం మోగుతూనే ఉంది. అమ్మ అప్పుడు ఏడ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. ఆ రాత్రి జొన్నరొట్టెలు తనే చేసింది.

అంతటితో బాగైపోయిందని చెప్పను. నిద్రకు డాక్టర్ ఇచ్చిన మందులు కూడా కొన్నాళ్లు వాడాం. మీకూ అలాంటి అవసరం వస్తే సిగ్గుపడకండి, టెలిమానస్ నంబరు 14416 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. కానీ కంచు గిన్నెకు మా నాన్న పేరు తెలియదు. పక్కింటి ఆడవాళ్లను పిలుచుకురావడమూ దానికి రాదు. ఆ రోజు పనిచేసింది ఒట్టి శబ్దమే అని నేననుకోను.

ఆ అమ్మాయి తర్వాత వాళ్లమ్మను అడిగి తెలుసుకుంది. వాళ్ల పర్ధాన్‌కు డెబ్బై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. కొడుకు ఆటో నడుపుతున్నాడు, కిక్రి నేర్చుకోలేదు. దీపావళికి, దండారి రోజుల్లో ఊరికి వస్తానంది. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది. ఆయన్ను అడిగి చేసుకో, ముందు మాత్రం మీ అమ్మ పక్కన కూర్చుని విను అన్నాను.